మంఖాల్ బావి మెట్ల మీద ఒక మాట

విమానాశ్రయం దాకా వెళ్ళి, విమానం ఎక్కకుండా, ఎవరినీ ఎక్కించకుండా తిరిగొచ్చేవాళ్ళు అరుదు. వాళ్ళలో నేనొకణ్ణి. తెనాలి తిరిగొచ్చి వారం కావస్తోంది. వీధిలో ఎవరైనా అడిగితే "శంషాబాద్ వెళ్ళొచ్చాను" అంటున్నాను. "అక్కణ్ణుంచి ఏ దేశం?" అంటున్నారు. "మంఖాల్" అంటే, అదెక్కడుందో తెలియక, తెలియదని ఒప్పుకోలేక, తలాడిస్తున్నారు. వాళ్ళ కోసమే ఈ నాలుగు మాటలు.

ముందు వెళ్ళిన పని చెప్పాలి. మా అమ్మాయి కరుణ ఎయిర్‌పోర్టులో కౌంటరు దగ్గర పనిచేస్తుంది. శంషాబాద్‌లో హాస్టల్లో ఉంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో తనంతట తనే వెతుక్కుంటూ వెళ్ళి, అక్కడికి దగ్గర్లోనే ఉన్న మంఖాల్ సంఘంలో కలిసింది. ఒకప్పుడు మా నాన్న పాస్టరుగా పనిచేసిన సంఘమే అది. నా చిన్నతనమంతా ఆ ఊళ్ళోనే గడిచింది. మొన్నటి ఆదివారం అక్కడ కరుణ బాప్తిస్మం.

మంఖాల్‌లో ఒక పద్ధతి ఉంది. నేను మరెక్కడా చూడలేదు. బాప్తిస్మం తీసుకునేవాళ్ళు ఒంటరిగా నీళ్ళలోకి దిగరు. ఒకరు చేయి పట్టుకుని దిగుడుబావి మెట్ల మీదుగా నీళ్ళ దాకా తీసుకెళ్ళాలి. నీళ్ళలో నిలబడ్డ పాస్టరు "ఎవరు తీసుకొచ్చారు?" అని అడుగుతాడు. చేయి పట్టుకున్న మనిషి "నమ్మినవాణ్ణి, నేను తీసుకొచ్చాను" అని అందరికీ వినబడేలా చెప్పాలి. ఆడవాళ్ళయితే "నమ్మినదాన్ని". ఆ ఒక్క మాట చాలు.

కరుణ నన్ను పట్టుకోమంది. నాకు చేయి పట్టుకోవడంతో ఇబ్బంది లేదు, ఆ మాటతోనే. ఎరువుల అమ్మకం నా వృత్తి, అపనమ్మకం నా ప్రవృత్తి. ఆదివారం మందిరానికి దేహాన్ని నేను మోసుకెళ్తే సందేహం తన కాళ్ళ మీద తనే వస్తుంది. కమిటీలో ఉన్నాను. క్రిస్మస్‌కు కుర్చీలు వేయిస్తాను. పాట ఎవరు మొదలుపెట్టినా రెండో చరణానికి నా గొంతే పైన ఉంటుంది. కుర్రతనంలో తెనాలిలో తోటివాళ్ళంతా బాప్తిస్మం తీసుకుంటుంటే వరసలో నేనూ నిలబడ్డాను. కానీ "నమ్ముతున్నావా?" అని ఎవరైనా సూటిగా అడిగితే గొంతు సర్దుకుంటాను. ఇన్నేళ్ళూ అలా సర్దుకుంటూనే వచ్చాను.

"అబద్ధం చెప్పి మాత్రం పట్టుకోవద్దు నాన్నా" అంది కరుణ ఫోన్లో. "నీకు కుదరకపోతే మా సంఘంలో సంతోషమ్మ అవ్వ పట్టుకుంటుంది. నాకేం బాధ లేదు."

ఆడపిల్ల "నాకేం బాధ లేదు" అందంటే ఎంత బాధ ఉందో తండ్రులకు తెలుసు. మా ఆవిడ ఇంకో మాట కలిపింది. "నేను పట్టుకుంటే అది మామూలు. మీరు పట్టుకుంటే పండగ. ముందే వెళ్ళి మీ సంగతేదో తేల్చుకోండి. నేను ఆదివారం పొద్దున్నకి వస్తాను."

అందుకని శుక్రవారమే బయల్దేరాను.

శంషాబాద్

బస్సు దిగి మొదట చాయ్ తాగాను. ఇరవై రూపాయలు. తెనాలిలో పది రూపాయలకు గ్లాసు నిండా పోస్తారు, నీళ్ళు కూడా ఉదారంగానే పోస్తారనుకోండి. ఇక్కడ కప్పు చిన్నది, పాలు చిక్కన. పక్కాయన బిస్కెట్టు ముంచి తింటుంటే నేనూ ముంచాను. ఆయన ముంచి తీశాడు. నేను ముంచి ఆలోచనలో పడ్డాను. తీసేసరికి సగమే చేతికొచ్చింది.

"చెంచా ఇయ్యాల్నా సార్?" అన్నాడు గల్లా దగ్గరి పెద్దమనిషి, ఎంతో మర్యాదగా.

మా చిన్నప్పుడు శంషాబాద్ అంటే ద్రాక్షతోటలు. ఈ వైపు పనిపడితే నాన్న కాగితం పొట్లంలో పచ్చద్రాక్ష తెచ్చేవాడు. ఇల్లు చేరేలోపు కింది పళ్ళు చితికి పొట్లం తడిసిపోయేది. ఆ తడికాగితం వాసన కోసం మా తమ్ముడూ నేనూ పోట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడక్కడ తీగలు లేవు. లాడ్జీలు అల్లుకున్నాయి.

లాడ్జి దాకా ఖాజా భాయ్ ఆటో ఎక్కాను. యాభై ఏళ్ళుంటాయి, గడ్డానికి గోరింటాకు రంగు.

"ఎయిర్‌పోర్టా సార్?"

"కాదు. తెనాలి నుంచి వచ్చాను. ఇవ్వాళ ఇక్కడే. రేపు మామిడిపల్లి, రావిర్యాల చూసుకుని మంఖాల్ పోవాలి. వస్తారా?"

"నేనొస్త గని, ఏముందని సార్ గక్కడ? అందరు ఈడికొచ్చి దుబాయ్ పోతరు. మీరు మంఖాల్ పోతమంటున్నరు."

కొంత దూరం పోయాక మసీదు పక్కన ఆటో ఆపి దిగాడు. "జుమ్మా సార్. ఇప్పుడే వస్త. బండి జర చూస్కోండ్రి."

ఎక్కిన మనిషికే ఆటో అప్పజెప్పి ప్రార్థనకు పోయే డ్రైవరు మా వైపు నాకు తగల్లేదు. బుద్ధిగా కాపలా కాశాను. ఇద్దరు వచ్చి కిరాయికి వస్తావా అని కూడా అడిగారు. ఖాజా భాయ్ తిరిగొచ్చాక, ఊరుకోలేక అడిగాను.

"ప్రతి వారం పోతారా?"

"పోత."

"మనసు లేకపోయినా?"

అద్దంలోంచి నన్ను చూశాడు. "మనసు ఉన్ననాడే పోవాల్నంటే సాలుకు రెండుసార్లు పోత సార్. నమాజ్‌ల కూసున్నప్పుడు గిరాకీ యాదికొస్తది, ఇంటి కిరాయి యాదికొస్తది. గప్పుడు అల్లాకే చెప్త, నా దిమాగ్ నువ్వే జర పట్టుకో అని." మళ్ళీ అద్దంలోకి చూసి, "మీకేం పరేషాన్ సార్?" అన్నాడు.

"ఏం లేదు, చిన్నదే."

"చిన్న పరేషాన్‌కు తెనాలికెళ్లి ఎవరు రారు సార్" అని గేరు మార్చాడు.

సాయంత్రం కరుణ డ్యూటీ దిగి యూనిఫాం మీదే వచ్చింది. మెస్సులో జొన్నరొట్టె, నాటుకోడి కూర తిన్నాం. తర్వాత అన్నంలోకి పచ్చిపులుసు. మా వైపు చారు పొయ్యి మీద కాగకపోతే చారే కాదు. ఇక్కడ చింతపండు పులుసులో ఉల్లిపాయలు, పచ్చిమిర్చి పిసికి, పొయ్యి ముఖం చూపించకుండానే వడ్డిస్తారు. అమ్మ మొదట్లో దీన్ని వెక్కిరించి, తెనాలి వెళ్ళాక బెంగపడి చేసుకునేది.

"నువ్వు ఎప్పుడైనా నమ్మావా నాన్నా?" అంది కరుణ ఉన్నట్టుండి.

"చిన్నప్పుడు."

"ఎప్పుడు పోయింది?"

"మీ బాబాయి పోయినప్పుడు."

చిన్నతనంలోనే పోయిన బాబాయి ఒకడున్నాడని దానికి తెలుసు, అంతకుమించి తెలియదు. తన రొట్టెలో సగం తుంచి నా కంచంలో పెట్టింది.

మామిడిపల్లి

మర్నాడు ఖాజా భాయ్ పొద్దున్నే వచ్చాడు. మామిడిపల్లి దగ్గర రోడ్డు పక్కన సీతాఫలాల గంపలు కనబడితే ఆపమన్నాను. గంప మూడు వందలు చెప్పింది అమ్మే ఆమె. నేను ఒక్కో కాయా నొక్కి చూస్తుంటే చేతి మీద చిన్నగా ఒక్కటేసింది.

"ఒత్తకు బాపు, పండ్లు ఏడుస్తయ్. ముద్దుగ చూస్కో, ముద్దుగ తీస్కపో."

బేరం ఆడే పద్ధతి కూడా వేరు. మా వైపు ధర తగ్గించమని అడుగుతాం. ఇక్కడ ఆమె ధర తగ్గించలేదు, మరో నాలుగు కాయలు గంప మీదికి విసిరి "ఇగ పో" అంది. నిక్షేపంగా ఓడిపోయి ఆటో ఎక్కాను.

ఈ దారంట నాన్న సైకిల్ మీద గృహ ప్రార్థనలకు వెళ్ళేవాడు. తువ్వాలు మడతపెట్టి ముందు కడ్డీ మీద మా తమ్ముడు శామ్యూల్‌ను కూర్చోబెట్టేవాడు. మేము శామీ అని పిలిచేవాళ్ళం. వెనక క్యారియరు మీద నేను. గుట్టల పక్కన ఆగి సీతాఫలాలు కోసుకునేవాళ్ళం. గింజ ఎంత దూరం ఊస్తామని పందెం. శామీ ఊసేది గాలికి తిరిగొచ్చి నాన్న చొక్కా మీద పడేది. ప్రార్థన చేయించుకునేవాళ్ళు నాన్న చొక్కా మరకలు చూసి, పాపం అయ్యగారు ఎంత కష్టపడుతున్నారో అనుకునేవాళ్ళు.

శామీకి ఏడేళ్ళప్పుడు జ్వరం వచ్చింది. ఏం జ్వరమో ఇప్పటికీ తెలియదు. దవాఖానావాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నాన్న మోకాళ్ళ మీద నుంచి లేవలేదు. ఆయన పక్కనే నేనూ మోకరించాను. అడిగితే ఇస్తాడని చెప్పింది నాన్నే గనక, పదకొండేళ్ళవాడికి తెలిసిన మాటలన్నీ పెట్టి అడిగాను. శామీ పోయాడు.

అమ్మ మంచం పట్టింది. అమ్మనూ నన్నూ తెనాలిలో తాతగారింటికి పంపేశారు. పంటలు ఇళ్ళకు చేరే కాలానికి తిరిగొచ్చాం. వచ్చిన మొదటి ఆదివారమే నాన్న నిలబడి, ఎప్పటి గొంతుతోనే, దేవుడు మంచివాడని ప్రసంగించాడు. చాప మీద కూర్చుని నేను అనుకున్నాను: నాన్న నటిస్తున్నాడు. ఆ మాట ఆయన బతికుండగా ఒక్కసారీ అడగలేదు. నా సందేహానికి వేరు అక్కడుంది. పైన ఎన్ని కొమ్మలైనా వేసి ఉండవచ్చు.

రావిర్యాల

రావిర్యాలలో ఆటో టైరుకు గాలి పోయింది. ఖాజా భాయ్ దాన్ని విప్పుతూ "మీరు జర అట్ల తిరిగి రాండ్రి సార్, మీరు చూస్తుంటే నాకు బోల్టు తిరుగుతలేదు" అన్నాడు. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, చంకలో జిప్పు ఉన్న నల్ల సంచితో వీధిలోకి నడిచాను. ఒక ఇంటి ముందు ముగ్గేస్తున్న ఆవిడ నన్ను చూసి, చప్పున కొంగు తల మీదికి లాక్కుంది.

"వందనాలు అయ్యగారూ! దేవుడే తోలిండు. జర లోపలికి రాండ్రి."

"నేను అయ్యగార్ని కాదమ్మా."

"మంచి అయ్యగార్లు గిట్లనే అంటరు" అని ముగ్గు చేత్తోనే తలుపు తీసింది.

లోపల మంచం మీద ఆవిడ భర్త. పేరు రత్నం. సెంట్రింగ్ పని చేస్తూ పైనుంచి పడ్డాడట, కాలికి తొడ దాకా పట్టీ. నాకు కుర్చీ వేశారు, నీళ్ళిచ్చారు. ఆవిడ చాప మీద కూర్చుని కళ్ళు మూసుకోబోతూ, "జిప్పు తియ్యుండ్రి అయ్యగారూ. ఒక వాక్యం చదివి ప్రార్థన చెయ్యుండ్రి" అంది.

జిప్పు తీశాను. లోపల ఉన్నది నా బీపీ మిషను.

రత్నం నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వితే కాలు నొప్పి, నొప్పికి మూలిగితే మళ్ళీ నవ్వు. "ఏందే, అయ్యగారని డాక్టరును పట్టుకొచ్చినవ్!"

"డాక్టర్ని కూడా కాదండీ. ఎరువులు అమ్ముతాను."

"ఏదైతేంది" అంది ఆవిడ, తగ్గకుండా. "విశ్వాసే గద? ప్రార్థన రాదా ఏంది? ఆంధ్రోళ్లకు మాటలు మస్తుగొస్తయ్."

కళ్ళు మూసుకున్నాను. "ప్రేమగల తండ్రీ" అన్నాను. కమిటీ మీటింగుల్లో అక్కణ్ణుంచి వాక్యాలు వాటంతటవే దొర్లుకుంటూ వచ్చేవి. "ఈ సహోదరుని కాలు..." అన్నాక ఆగిపోయింది. రోగి పక్కన కూర్చుని దేవుణ్ణి చివరిసారి ఏమడిగానో గుర్తొచ్చింది. విశ్వాసంలో శ్వాస ఉందంటారు, నాకు అదీ అందలేదు. బయట ఖాజా భాయ్ పానా చప్పుడు వినబడుతోంది.

"ఊకె కూసో అన్నా" అన్నాడు రత్నం మెల్లగా. "నేను చేస్త."

అతను తన కాలి మాట ఎత్తనే లేదు. "తండ్రీ, ఈ అన్న ఏందో మోస్కొని తిరుగుతున్నడు. ఏందో నాకు తెల్వది, నీకెరుకే. జర దించు" అన్నాడు. ఇద్దరూ ఆమేన్ అన్నారు. నేను అనలేకపోయాను.

తర్వాత వాళ్ళిద్దరికీ బీపీ చూశాను, వచ్చినందుకు ఏదో ఒకటి చేయాలి కదా. ఇద్దరిదీ బాగానే ఉంది. ఆ గదిలో ఎక్కువున్నది నా ఒక్కడిదే.

మంఖాల్

నా లెక్కలో మంఖాల్ అంటే బండరాళ్ళు, మేకలు, జొన్నచేలు. ఇప్పుడు రాళ్ళను పగలగొట్టి ప్లాట్ల హద్దులు పాతారు. ఎటు చూసినా వెంచర్ల రంగురంగుల బోర్డులు. మా పెంకుటిల్లు ఉన్నచోట టైల్సు అమ్మే షెడ్డుంది. మందిరం మాత్రం ఉన్నచోటే ఉంది, పైన స్లాబు పడింది.

సంతోషమ్మకు ఎనభై దగ్గర పడ్డాయి. నాన్న రోజుల్లో సంఘంలో పాటలు ఎత్తుకునేది ఆమే. గుమ్మంలోనే నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పెద్దోడా! గిప్పుడా వచ్చేది? బిడ్డనేమో ముందు తోలి నువ్వు ఎనక వస్తవా?"

కాళ్ళు కడుక్కున్నాక, అడగకుండానే, నన్ను సమాధుల దొడ్డికి తీసుకెళ్ళింది. ఓ పక్క వెంచరు ప్రహరీ, ఇటు పక్క రాళ్ళ మధ్య పాతిక సమాధులు. మూలన చిన్నది ఒకటి. శామీది. ఎక్కడో ముళ్ళ కింద వెతుక్కోవాలనుకున్నాను. తెల్లగా ఉంది. సున్నం వేసి ఎన్నో నెలలు అయినట్టు లేదు.

"ఎవరు వేశారవ్వా?"

"ఎవరేంది? మేమే. ఏటా ఈస్టర్‌కు అన్నిటికి వేస్తం. ఈడు మా పిల్లగాడు గాదా?"

ఊరు వదిలాక అమ్మా నేనూ ఇక్కడికి రాలేదు. నాన్న ఒక్కసారైనా వచ్చాడేమో తెలియదు. గొంతు సర్దుకున్నాను. ఈసారి మాట కూడా వచ్చింది.

"అవ్వా, శామీ పోయాక మేం తెనాలి నుంచి వచ్చేసరికి నాన్న ఏమీ జరగనట్టు ప్రసంగం చేస్తున్నాడు. ఎట్లా చేయగలిగాడు?"

ఆమె నా వైపు తిరిగింది. "ఏమి జరగనట్టా? నీకు ఎవరు చెప్పలేదా బిడ్డా?"

పక్కనున్న బండ మీద కూర్చుని చెప్పింది. మేము వెళ్ళాక వచ్చిన ఆదివారం నాన్న సంఘం ముందు నిలబడ్డాడట. పుస్తకం తెరవలేదట. "నాకు ప్రార్థన రావట్లేదు. దేవుడితో మాట్లాడబుద్ధి కావట్లేదు. వేరే అయ్యగార్ని పిలిపించుకోండి" అన్నాడట.

"మరి మీరేమన్నారు?"

"ఏమంటం? కూసోమన్నం. నీకు రాకుంటే మాకొస్తది గద అన్నం. ఎనక చాప ఏసినం. వారం వారం వచ్చి కూసునేటోడు. పాట మేం పాడితిమి, ప్రార్థన మేం చేస్తిమి. మాకు వచ్చేది ఎంతనో! ఒకడు ఎడ్ల కోసం చేస్తె ఒకామె కోడళ్ల మీద చాడీలు చెప్పె. మీ నాయిన ఆమేన్ కూడా అనకపోయేది. గట్ల ఎన్నో వారాలు. ఒకనాడు మా ఆయినె ఏడ్సుకుంట అడిగిండు, తండ్రీ మా అయ్యగారి నోరు మాకియ్యి అని. ఎనకకెళ్లి మీ నాయిన ఆమేన్ అన్నడు. అందరం ఎనక్కి తిరిగినం. ఇగ ఆ పూట ప్రార్థన లేదు, ఏం లేదు, ఏడుపే."

కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఈ చెయ్యి పట్టుడు గూడ మీ నాయిన గప్పుడు పెట్టిందే. ఎవ్వరు ఒక్కలు దిగొద్దు అన్నడు. నన్ను మీరు పట్టుకోకుంటే నేను మునుగుతుంటి అన్నడు."

ఆమె వంట చూసుకోవాలని వెళ్ళిపోయింది. నేను శామీ దగ్గరే కూర్చున్నాను. ఎండ ప్రహరీ దాటి పోతోంది.

ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్తాను. వెలుగులేమీ కనబడలేదు. నేను దేవుడితో పోట్లాడాను. వాణ్ణి ఎందుకు ఇవ్వలేదని పైకే అడిగాను. కమిటీ సభ్యుడు వాడకూడని మాటలు ఒకటి రెండు దొర్లాయి. జవాబు రాలేదు, ఇప్పటికీ రాలేదు. కానీ తిడుతూ తిడుతూ ఉండగా ఆగిపోయాను. ఇన్నేళ్ళూ లేడని చెప్పుకుంటున్నవాడి మీద ఇంత అలిగి కూర్చున్నానేమిటి? లేనివాడి మీద ఎవరు అలుగుతారు? అలిగేది ఇంట్లోవాళ్ళ మీదే. తలుపు వేసుకుని లోపల కూర్చున్నది నేను. బయట ఒకరు ఇంకా పోకుండా నిలబడి ఉన్నారు. నాన్న కోసం చాప వేసిన జనంలో, శామీకి సున్నం వేసిన చేతుల్లో, పొద్దున రత్నం మాటల్లో ఆయనే ఉన్నాడు. నాకది ఎండ వేడి తెలిసినంత మామూలుగా తెలిసింది. అప్పుడు అన్నాను ఆమేన్, వినడానికి ఎవరూ లేని చోట.

వారం నుంచి ఆ నమ్మకాన్ని నాలుకతో కదిలే పన్నును తడిమినట్టు తడిమి చూసుకుంటున్నాను. కదలడం లేదు.

దిగుడుబావి

ఆదివారం మా ఆవిడ ఖాజా భాయ్ ఆటోలోనే దిగింది. దారిలో మా ఇంటి సంగతులన్నీ అతనికి చెప్పేసినట్టుంది. "ఆల్ ది బెస్ట్ సార్" అన్నాడు, పరీక్ష రాయబోయేవాణ్ణి చూసినట్టు.

బావి మందిరం వెనక పొలంలో ఉంది. గట్టు చుట్టూ జనం, సంతోషమ్మ పాట. పాస్టరు ముప్పై ఏళ్ళవాడు, అప్పటికే నడుం దాకా నీళ్ళలో ఉన్నాడు. కరుణ తెల్లచీరలో వచ్చి నా ముందు నిలబడింది. నేను చేయి చాపాను. దాని కళ్ళు నా ముఖమంతా వెతికాయి.

"నిజంగానా నాన్నా?"

"నిజంగానే. మెట్లు జారుడుగా ఉన్నాయి, నన్ను గట్టిగా పట్టుకో."

దిగాం. నీళ్ళు నా మోకాళ్ళకు వచ్చాక ఆగాను. పాస్టరు తలెత్తి అడిగాడు.

"ఈ బిడ్డను ఎవరు తీస్కొచ్చిండ్రు?"

"నమ్మినవాణ్ణి, నేను తీసుకొచ్చాను" అన్నాను.

సరిగ్గా అప్పుడే గట్టు మీదుగా విమానం లేచింది. బావంతా దద్దరిల్లింది. నా పెదవులు కదలడం తప్ప ఎవరికీ ఏమీ వినబడి ఉండదు. కరుణ ఒక్కతే విన్నది, దాని వేళ్ళు బిగుసుకున్నాయి.

పాస్టరు చెవి దగ్గర చేయి పెట్టుకున్నాడు. "ఇనబడలే అన్నా. మళ్లొక్కసారి చెప్పుండ్రి."

తల ఊపితే సరిపోయేది. ఆయన ఒప్పుకునేవాడే. వారం కిందటి నేనైతే దేవుడే అడ్డుపడ్డాడని సంబరపడి మెట్లెక్కేవాణ్ణి. విమానం దూరమయ్యేదాకా నీళ్ళలో నిలబడ్డాను. చప్పుడు పూర్తిగా పోయింది. గట్టు మీద పాట కూడా ఆగింది. గొంతు సర్దుకోకుండానే, గట్టు మీది ఆఖరి మనిషికి వినబడేలా అరిచాను.

"నమ్మినవాణ్ణి! నేను తీసుకొచ్చాను!"

కరుణ చేయి పాస్టరు చేతిలో పెట్టి, ఒక మెట్టు పైకి ఎక్కి నిలబడ్డాను.